కోడిమాంసంలో మందులకు లొంగని బ్యాక్టీరియా: ల్యాబ్ బల్ల మీద నుంచి అపోహలు – వాస్తవాలు

అపోహ: యాంటీబయాటిక్ అవశేషాలు లేవని రిపోర్టు వస్తే, మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా లేనట్టే.

రెండూ వేర్వేరు పరీక్షలు. అవశేషాల పరీక్ష మందును వెతుకుతుంది, నిరోధకత పరీక్ష ఆ మందుకు లొంగని బ్యాక్టీరియాను వెతుకుతుంది. కోతకు ముందు చెప్పినన్ని రోజులు మందు ఆపేస్తే కోడి ఒంట్లోంచి అది పోతుంది. మందు వాడినన్నాళ్లూ పేగుల్లో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మాత్రం పోదు. కోసేటప్పుడు పేగు తెగినా, ఈకలు పీకడానికి ముంచే వేడినీళ్లు గంటల తరబడి మార్చకపోయినా చర్మానికి అంటుకుంటుంది. ఏ మందూ ఎరుగని నాటుకోడికైనా షాపులో అదే కత్తి, అదే మొద్దు.

అపోహ: బాగా ఉడికిస్తే చాలు, మందులకు లొంగని బ్యాక్టీరియాపై ఈ నిఘా అంతా ఎందుకు?

ముక్క లోపల 74 డిగ్రీలు తగిలితే విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా చస్తుంది, మందుకు లొంగేదైనా లొంగనిదైనా. కానీ పచ్చి కోడిని సింకులో కడిగినప్పుడు చిందిన నీళ్లూ, అదే కత్తితో కోసిన కీరా ముక్కలూ పొయ్యి ఎక్కవు కదా. పైగా నిఘా ఒక్క వంటింటి కోసం కాదు. అమెరికాలో ఆహారం, పశువులు, రోగుల నమూనాలను కలిపి చూసే నార్మ్స్ వ్యవస్థ 1996లో మొదలైంది. విరేచనాలు తెచ్చే మరో బ్యాక్టీరియా క్యాంపిలోబ్యాక్టర్, ఫ్లోరోక్వినొలోన్లనే యాంటీబయాటిక్‌లకు లొంగకుండా పోతోందన్న ఆధారాలతో 2005లో అక్కడ కోళ్లకు ఆ వర్గపు మందైన ఎన్రోఫ్లాక్సాసిన్ అనుమతి రద్దయింది. ఏ మందు ఆపాలో తేల్చాలంటే ఇలాంటి లెక్కలే కావాలి.

అపోహ: డిస్క్ పెట్టి చుట్టూ వలయం కొలవడమే కదా, ఎవరు చేసినా ఒకటే.

అగార్ అనే జెల్లీలాంటి మీడియా మీద బ్యాక్టీరియా పూసి, మందు అద్దిన కాగితపు డిస్క్ పెడితే, మందు పనిచేసినంత మేర బ్యాక్టీరియా పెరగని వలయం వస్తుంది. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ముల్లర్-హింటన్ అగార్ మందం 4 మి.మీ. ఉండాలి. అంటే 90 మి.మీ. ప్లేటుకు సుమారు 25 మి.లీ. పొదుపుకని పలచగా పోస్తే వలయం పెద్దదై, లొంగని బ్యాక్టీరియా లొంగినట్టు కనిపిస్తుంది. సెలైన్‌లో కలిపిన బ్యాక్టీరియా (సస్పెన్షన్), చిక్కదనానికి కొలమానమైన 0.5 మెక్‌ఫార్లండ్ కన్నా చిక్కగా ఉంటే దీనికి ఉల్టా జరుగుతుంది. కంటి అంచనాతో కాకుండా ప్రామాణిక ట్యూబు పక్కన పెట్టి పోల్చుకోవాలి. కలిపిన సస్పెన్షన్ 15 నిమిషాల్లోపు వాడేయాలి, ప్లేటు మీద పూశాక మరో 15 నిమిషాల్లోపు డిస్కులు పెట్టేయాలి. అగార్‌కు ఒకసారి తాకిన డిస్కును జరపకూడదు, మందు అప్పటికే దిగడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్క్ సీసాను గది వేడికి రాకముందే తెరిస్తే చెమ్మ పట్టి, ముఖ్యంగా పెన్సిలిన్ తరహా బీటా-లాక్టమ్ మందులు పలచబడతాయి. అందుకే ఫలితం ముందే తెలిసిన ప్రామాణిక బ్యాక్టీరియా ఇ. కొలై ఏటీసీసీ 25922 ప్లేటు పక్కన ఉండాలి. దానిమీద 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ వలయం 19–26 మి.మీ. దాటి ఎటు పోయినా ఆ బ్యాచ్‌లో జెంటామైసిన్ ఫలితం ఇవ్వకూడదు.

అపోహ: వలయం ఎంతో తెలిస్తే ఫలితం తెలిసినట్టే.

5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ డిస్క్ చుట్టూ 28 మి.మీ. వచ్చిందనుకోండి. వలయాన్ని ఎలా చదవాలో చెప్పే అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్ఎస్ఐ ఇప్పటి పట్టికలో ఇ. కొలైకి అది లొంగినట్టే (26, ఆపైన). సాల్మొనెల్లాకు మాత్రం 31 రావాలి, 28 అంటే మధ్యస్థం. పాత పట్టికలో ఇదే 28 సాల్మొనెల్లాకూ లొంగినట్టే లెక్క. అందుకే పట్టిక మారిన ఏడు నిరోధకత ఒక్కసారిగా పెరిగినట్టు గ్రాఫు లేస్తుంది, నిజానికి బ్యాక్టీరియాలో మార్పేమీ ఉండదు. కాబట్టి ఎస్ (లొంగింది), ఐ (మధ్యస్థం), ఆర్ (లొంగలేదు) అని మాత్రమే రాసుకోవద్దు, మిల్లీమీటర్లే రాయండి. ల్యాబ్ ఫలితాలు నమోదు చేయడానికి ఉచితంగా దొరికే హూనెట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెలే ఎక్కిస్తే పాత డేటానంతా కొత్త పట్టికతో మళ్లీ లెక్క కట్టొచ్చు.

సాల్మొనెల్లా మీద జెంటామైసిన్ వలయం ఎంత బాగా వచ్చినా రోగి రిపోర్టులో లొంగుతుందని రాయకూడదు. ప్లేటు మీద పనిచేసినట్టు కనిపించినా ఒంట్లో పనిచేయదు.

అపోహ: "మాంసంలోని ఇ. కొలై 100 శాతం నిరోధకం."

ఇలాంటి శీర్షిక కనబడితే ముందు ఏ మీడియా మీద పెంచారో చూడండి. లీటరుకు 1 మి.గ్రా. సెఫొటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కలిపిన మెకాంకీ అగార్ మీద దానికి లొంగనివే పెరుగుతాయి. ఎన్ని నమూనాల్లో అవి ఉన్నాయో తెలుసుకోవడానికి ఆ ప్లేటు మంచిదే, మొత్తం ఇ. కొలైలో శాతం మాత్రం దాంతో రాదు. శాతం కావాలంటే మందు కలపని ప్లేటు నుంచి కాలనీలు తీయాలి, నమూనాకు ఒక్కటే. ఒకే ముక్క నుంచి పది కాలనీలు తీసి పది అని రాస్తే ఒకే వంశాన్ని పదిసార్లు లెక్కపెట్టినట్టు. ఇ. కొలై పెన్సిలిన్-జికి, వాంకోమైసిన్‌కు లొంగలేదన్న వాక్యం కనిపిస్తే పక్కన పెట్టేయండి, పుట్టుకతోనే దానిమీద అవి పనిచేయవు.

అపోహ: కొలిస్టిన్‌కూ డిస్కే చాలు.

చాలదు. మిగతా మందులు పనిచేయనప్పుడు చివరగా వాడే ఈ యాంటీబయాటిక్ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు. లొంగేదానికీ లొంగనిదానికీ వలయంలో తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండొచ్చు. మందును ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో కలిపి బ్యాక్టీరియా ఎక్కడ ఆగుతుందో చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాల్సిందే. కొలిస్టిన్‌కు లొంగకుండా చేస్తూ ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దూకే ఎంసీఆర్-1 జన్యువు 2015లో చైనాలో బయటపడింది. 2019లో మన దేశం ఆహారానికి పెంచే పశువులు, కోళ్లు, రొయ్యల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది. ఆ నిషేధం పనిచేసిందో లేదో డిస్క్ డేటాతో తేలదు. పాత డిస్క్ ఫలితాలను కొత్త బ్రాత్ ఫలితాలతో ఒకే గ్రాఫులో కలపకండి.