గవర్నరు అంటే రాజ్‌భవన్ కాదు: హైరమ్ జాన్సన్ సాక్షిగా కొన్ని అపోహలు

ఈసారి స్పాట్ వాల్యుయేషన్‌లో మొదటి రోజే నాకు విసుగొచ్చింది. అమెరికా రాష్ట్ర గవర్నరు అధికారాల మీద ప్రశ్న. రాసినవారిలో సగానికి పైగా ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: "గవర్నరును అధ్యక్షుడు నియమిస్తాడు." ఏ గైడు పుణ్యమో తెలియదు. ఆ ఒక్క వాక్యం తప్పయితే దాని మీద కట్టిన రెండు పేజీలూ కూలిపోతాయి. కేంద్రానికి నివేదిక పంపడం, బిల్లును అధ్యక్షుడి పరిశీలనకు ఉంచడం, రాష్ట్రపతి పాలనకు సిఫారసు చేయడం... మన 155, 200, 356 అధికరణలను ఓడెక్కించి అమెరికా పంపేశారు. పిల్లలు కష్టపడి చదివినట్టు తెలుస్తూనే ఉంటుంది. అయినా మార్కులు వేయలేను.

వాళ్ల మీద పూర్తిగా కోప్పడే హక్కు నాకు లేదు. పీజీ అయిన కొత్తలో ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో నన్ను అడిగారు: "కాలిఫోర్నియా గవర్నరును పదవి నుంచి దించాలంటే ఏం చేయాలి?" 156వ అధికరణం నోటికి వచ్చు కనుక అధ్యక్షుడి ఇష్టం ఉన్నంతకాలమే పదవి అని గడగడా చెప్పేశాను. బోర్డులో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఉద్యోగం రాలేదు. తిరిగొచ్చాక గ్రంథాలయంలో కూర్చుని కాలిఫోర్నియా చరిత్ర తిరగేస్తే ఒకప్పుడు అక్కడ గవర్నరుగా ఉన్న హైరమ్ జాన్సన్ తగిలారు. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం ఆయనతోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: అమెరికాలో గవర్నరు కేంద్రం పంపిన మనిషి.

వాస్తవం: జాన్సన్‌ను ఎవరూ పంపలేదు. 1866లో శాక్రమెంటోలో పుట్టిన న్యాయవాది ఆయన. శాన్‌ఫ్రాన్సిస్కో అవినీతి కేసుల విచారణ జరుగుతుండగా 1908 నవంబరులో ప్రాసిక్యూటర్ ఫ్రాన్సిస్ హీనీని కోర్టు హాలులోనే కాల్చారు. హీనీ బతికారు గానీ కేసు నడపలేని స్థితి. ఆ బాధ్యత తీసుకున్నవారిలో జాన్సన్ ముందున్నారు. నగర రాజకీయాలను తెర వెనుక నడిపిన ఏబ్ రూఫ్‌కు శిక్ష పడింది. ఆ కేసుతో వచ్చిన పేరుతో జాన్సన్ 1910లో గవర్నరు పదవికి పోటీ చేశారు.

ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో ఎవరు గెలవాలో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ తేల్చేదని జనం చెప్పుకునేవారు. జాన్సన్ తండ్రి గ్రోవ్ జాన్సన్ ఆ కంపెనీ పక్షాన నిలిచిన శాసనసభ్యుడు. కొడుకేమో ఆ కంపెనీని రాజకీయాల నుంచి తరిమేస్తానని కారేసుకుని ఊరూరా తిరిగారు. పార్టీ అభ్యర్థిని కూడా నేరుగా ఓటర్లే ప్రైమరీలో ఎన్నుకునే పద్ధతి ఆ ఏడాదే అక్కడ అమలుకు వచ్చింది. అంటే బి-ఫారం చేతిలో పెట్టే అధిష్ఠానం కూడా లేదు. ప్రైమరీ గెలిచి, నవంబరులో ఎన్నిక గెలిచి, 1911 జనవరిలో పదవి చేపట్టారు. ఇందులో వాషింగ్టన్ పాత్ర ఎక్కడుందో చూపించమని తరగతిలో అడుగుతాను. ఎవరూ చేయెత్తరు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 1912 చూడండి. అధ్యక్షుడు విలియం టాఫ్ట్ రిపబ్లికన్, జాన్సనూ రిపబ్లికనే. అయినా పదవిలో ఉండగానే జాన్సన్ మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్‌తో కలిసి కొత్తగా పెట్టిన ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశారు. దేశం మొత్తం మీద ఓడినా కాలిఫోర్నియాలో 174 ఓట్ల తేడాతో బయటపడ్డారు. ఆ రాష్ట్రంలో బ్యాలెట్ మీద టాఫ్ట్ పేరే లేదు. దేశాధ్యక్షుడి పేరు! మన దగ్గర ఒక గవర్నరు ఇలా చేస్తే మర్నాటి ఉదయానికి రాజ్‌భవన్‌లో సామాను సర్దుకోవాలి. జాన్సన్‌ను టాఫ్ట్ ఏమీ చేయలేకపోయారు, చేసే అధికారం లేదు కనుక.

1913 మరీ ముఖ్యం. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియా శాసనసభ చట్టం తలపెట్టింది. జపనీయుల పేరు అందులో లేదు, గురి మాత్రం జపాన్ నుంచి వచ్చిన రైతుల మీదే. జపాన్ నిరసన తెలిపింది. విదేశాంగ వ్యవహారం ముదురుతోందని అధ్యక్షుడు వుడ్రో విల్సన్ తన విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ను రైలెక్కించి శాక్రమెంటో పంపారు. మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన నాయకుడు స్వయంగా వచ్చి ఆగమని కోరారు. శాసనసభ ఆగలేదు. మే 19న జాన్సన్ సంతకం పెట్టేశారు. బిల్లును అధ్యక్షుడి పరిశీలనకు పంపే దారి వాళ్ల రాజ్యాంగంలో ఉంటే విల్సన్ ఒక మంత్రిని అంత దూరం పంపవలసిన అవసరమేముంది?

ఆ సంతకాన్ని నేను మెచ్చుకోవడం లేదు. అది అన్యాయమైన చట్టం. అధికారం ఎవరిదన్నది వేరు, దాన్ని ఎలా వాడారన్నది వేరు.

ఇక్కడే మా వీధి పిన్నిగారి సంగతి చెప్పాలి. వాళ్లబ్బాయి కాలిఫోర్నియాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఒక రాత్రి పదకొండింటికి తలుపు తట్టారు. "అమ్మా, గవర్నరు సంతకం పెడితే మన పిల్లల వీసాలన్నీ రద్దట కదా?" చేతిలో ఫోను, ఫోనులో ఎవరో పంపిన సందేశం, కళ్లలో నీళ్లు. అలాంటివి తయారుచేసి వదిలేవాళ్లకు ఈ తల్లుల ముఖాలు ఒక్కసారి చూపించాలనిపిస్తుంది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి 1913 కథే చెప్పాను. జపనీయులు రావడం ఇష్టంలేని కాలిఫోర్నియా వాళ్ల రాకను ఆపే చట్టం ఎందుకు చేయలేదు? దేశంలోకి ఎవరు రావాలి, ఎవరు పౌరులు కావాలి అన్నది వాషింగ్టన్ చేతిలోది. భూమి రాష్ట్రం చేతిలోది. అందుకే భూమి మీద పడ్డారు. ఈనాటికీ వీసా ఇచ్చేదీ రద్దు చేసేదీ ఫెడరల్ ప్రభుత్వమే, గవర్నరు సంతకంతో వీసా పోదు.

అలాగని గవర్నరు చేతిలో ఏమీ లేదని కాదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల నిధులు, డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు, ఇలా రోజువారీ బతుకు చాలావరకు రాష్ట్రం పరిధిలోనే ఉంటుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చాక, జపనీయుల కోసం రాసిన ఆ భూచట్టం కాలిఫోర్నియాలోని పంజాబీ రైతుల మెడకూ చుట్టుకుంది. జాన్సన్ గవర్నరుగా ఉన్న రోజుల్లోనే మన తెలుగువాడు దరిశి చెంచయ్య అక్కడ చదువుకుంటూ, భారత స్వాతంత్ర్యం కోసం పుట్టిన గదర్ పార్టీలో చేరారు. ఆనాటి కాలిఫోర్నియాలో భారతీయుడిగా తిరగడం ఎలా ఉండేదో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఆలోచిస్తాను. ఆ చట్టాన్ని 1952లో గానీ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేయలేదు.

అపోహ: సరే, అయితే అక్కడి గవర్నరు మన ముఖ్యమంత్రి లాంటివాడు.

వాస్తవం: కాస్త దగ్గరగా వచ్చారు, అంతే. ముఖ్యమంత్రికి సభలో మెజారిటీ పోతే కుర్చీ పోతుంది. గవర్నరుకు సభలో ఒక్క సభ్యుడి మద్దతు లేకపోయినా పదవీకాలం ఆగదు. అవిశ్వాస తీర్మానం అన్న మాటే లేదు. అభిశంసన ఉంది, అది వేరే సంగతి.

మరి దించేదెవరు? నా ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇదిగో. 1911 అక్టోబరు 10న జాన్సన్ హయాంలో 23 రాజ్యాంగ సవరణలు ప్రజల ఓటుకు పెడితే 22 నెగ్గాయి. పదవిలో ఉన్నవారిని ఓటర్లే వెనక్కి పిలిచే రీకాల్ వాటిలో ఒకటి. గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతానికి సమానమైన సంతకాలు సేకరిస్తే గవర్నరు మీద రీకాల్ ఎన్నిక పెట్టాలి. 2003లో గ్రే డేవిస్ అలాగే ఇంటికి వెళ్లారు, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వచ్చారు. 2021లో గవిన్ న్యూసమ్ నిలదొక్కుకున్నారు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

కాలిఫోర్నియా మహిళలకు ఓటు హక్కు జాన్సన్ ఇప్పించారని కొన్ని నోట్సుల్లో ఉంది. ఆ సవరణ నెగ్గింది ఆ 1911 ఎన్నికలోనే, కానీ ఆయన దాని తరఫున బహిరంగంగా ప్రచారం చేయలేదు. గెలిపించింది ఊరూరా తిరిగిన మహిళలే. యుద్ధంలో మొదట బలయ్యేది సత్యమే అన్న మాట ఆయనదని వక్తృత్వ పోటీల్లో వాడుతుంటారు. ఆయనే అన్నారని తేల్చే ఆనాటి రికార్డు లేదు, వాడకండి. ఆయన ఉపాధ్యక్షుడయ్యారని రాసేవారూ ఉన్నారు. పోటీ చేశారు, అంతే. 1917 నుంచి 1945లో చనిపోయేదాకా సెనేటరుగా ఉన్నారు.

చివరిది: గవర్నరు మధ్యలో వెళ్లిపోతే కేంద్ర పాలన వస్తుందని. రాదు. 1917 మార్చిలో సెనేట్‌కు వెళ్లడానికి జాన్సన్ రాజీనామా చేయగానే లెఫ్టినెంట్ గవర్నరు విలియం స్టీఫెన్స్ గవర్నరయ్యారు. స్టీఫెన్స్‌ను ఆ పదవిలో పెట్టింది కూడా అధ్యక్షుడు కాదు, అంతకు ముందున్న లెఫ్టినెంట్ గవర్నరు చనిపోతే జాన్సనే నియమించారు.

ఇది చెబుతుండగా యానాం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచింది. "మేడమ్, వాళ్ల లెఫ్టినెంట్ గవర్నరు రాష్ట్రంలో రెండో మనిషి. మరి మా పుదుచ్చేరిలో లెఫ్టినెంట్ గవర్నరు మొదటి మనిషా, ముఖ్యమంత్రి మొదటి మనిషా?" ఆ తగువు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లిందని చెప్పబోతుంటే గంట కొట్టారు. బతికిపోయాననుకుని తర్వాతి పీరియడ్‌కు వాయిదా వేశాను.