సాయంత్రం ఆరింటి స్లాట్‌లో ఇమడని ఓడ

1998 జూన్ 26, శుక్రవారం. సాయంత్రం ఆరు గంటలకు టీవీ టోక్యో పెట్టుకుని 'కౌబాయ్ బీబాప్' అనే అనిమే (జపాన్ యానిమేషన్) సిరీస్ కోసం కూర్చున్న వాళ్లకు ఆ రోజు కథ దొరకలేదు. సిరీస్‌లోని దృశ్యాల ముక్కలు అతికించి, వాటి మీద పాత్రలు ఒక్కొక్కరూ లోకం తీరు గురించి తోచింది మాట్లాడుకుంటూ పోయే అరగంట అది. పేరు 'యోసెఅత్సుమె బ్లూస్'. మన మాటలో చెప్పాలంటే కలగూరగంప బ్లూస్. చివర్లో తెర మీద ఒక వాక్యం పడింది: ఇది ముగింపు కాదు, అసలైన కౌబాయ్ బీబాప్‌ను ఎప్పటికైనా చూస్తారు అని. అక్కడితో ఆ చానెల్‌లో సిరీస్ అయిపోయింది.

తయారైనవి మొత్తం 26 ఎపిసోడ్లు. టీవీ టోక్యోలో వచ్చినవి పన్నెండు, పైన ఈ కలగూరగంప. ఆ పన్నెండులో ఆఖరి ఎపిసోడ్ లేదు సరే, మొదటిది కూడా లేదు. ఏప్రిల్ 3న ప్రసారం మొదలైందే రెండో ఎపిసోడ్‌తో! ఇవాళ అనిమే అభిమానుల్లో ఎవరిని అడిగినా మొదటి వరసలో చెప్పే సిరీస్ సొంత దేశంలో ఇలా తల, తోక లేకుండా ఎందుకొచ్చింది? సెన్సార్ అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. నా లెక్కలో అది సగం జవాబే. మిగతా సగం బొమ్మల షాపులో ఉంది.

ముందు కథేమిటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కాలం 2071. గ్రహాల మధ్య తిరగడానికి కట్టిన ద్వారాల్లో ఒకటి పేలి, చంద్రుడు సగం చితికిపోయి, ఆ రాళ్లు భూమ్మీద పడుతూనే ఉంటాయి. జనం అంగారకుడికీ, గురుగ్రహం ఉపగ్రహాలకూ తరలిపోయారు. పోలీసులకు అంత దూరాలు అందవు కాబట్టి నేరస్థుల తలలకు వెల కట్టారు. ఆ వెల కోసం వేటాడే వాళ్లనే అక్కడ కౌబాయ్‌లు అంటారు. కౌబాయ్ అనగానే మనకు 1971 నాటి కృష్ణ టోపీ, గుర్రం గుర్తొస్తాయి. ఇక్కడ గుర్రం లేదు, పాత చేపల పడవను మార్చి చేసిన అంతరిక్ష నౌక ఉంది. దాని పేరు బీబాప్. అందులో ఒకప్పటి నేరముఠా మనిషి స్పైక్, ఉద్యోగం వదిలేసిన పోలీసు జెట్, అప్పుల్లో మునిగి గతం గుర్తులేని ఫే, కంప్యూటర్లతో ఆడుకునే పిల్ల ఎడ్, ఐన్ అనే కోర్గీ కుక్క.

వీళ్ల చేతిలో ఎప్పుడూ డబ్బుండదు. దొంగ దొరికితే వెల దక్కదు, వెల దక్కితే పగలగొట్టిన వస్తువుల బిల్లు దాన్ని మింగేస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో జెట్ క్యాప్సికం, బీఫ్ వేపుడు వండుతాడు. అందులో బీఫ్ ఉండదు. ఇదేం కూర అని స్పైక్ అడిగితే, డబ్బుల్లేనప్పుడు దీన్నే అలా అంటారన్న ధోరణిలో జెట్ జవాబు. ఆకలి, జోకు, వెనకాల వెంటాడే పాత పాపం, ఇవన్నీ ఒకే గిన్నెలో. నేరం, నిరాశ అలుముకున్న చీకటి కథల పద్ధతిని నాయర్ అంటారు. నాయర్, కామెడీ కలిసిన సిరీస్ అని దీన్ని అనేది అందుకే. అయితే ఆ గిన్నె ఈ సిరీస్‌తో పుట్టింది కాదు.

జపాన్‌లో దానికి పాత చరిత్ర ఉంది. 1950ల చివర, 60లలో నిక్కాత్సు స్టూడియో అమెరికన్ గ్యాంగ్‌స్టర్, వెస్టర్న్ సినిమాల వాసనతో వరసగా యాక్షన్ సినిమాలు తీసింది. ఏ దేశానికీ చెందనట్టు ఉండే ఆ రకానికి 'దేశం లేని యాక్షన్' అనే పేరే వచ్చింది. 1967లో మంకీ పంచ్ అనే కలం పేరుతో ఒక కార్టూనిస్టు 'ల్యూపిన్ ది థర్డ్' అనే మాంగా (జపాన్ కామిక్స్) మొదలుపెట్టాడు. దొంగే హీరో, నవ్వూ తుపాకీ పక్కపక్కనే. 1971లో అది టీవీ అనిమే అయింది. మొదట్లో పెద్దవాళ్ల కథలాగే, చల్లగా, సిగరెట్ పొగతో నడిచింది. రేటింగ్ రాలేదు. దర్శకుడు మసాకి ఒసుమిని మధ్యలో తప్పించి, హయావో మియాజాకి, ఇసావో తకహతాలకు అప్పగించారు. కథ తేలికపడింది. అయినా 23 ఎపిసోడ్లకే ముగిసింది. తర్వాత పునఃప్రసారాల్లో జనం విరగబడి చూశారు, 1977లో రెండో సిరీస్ వచ్చింది, అది 155 ఎపిసోడ్లు నడిచింది. పెద్దవాళ్ల కథను కుటుంబమంతా చూసే వేళలో వేయడం, చేతులు కాలాక మళ్లీ దాన్నే నెత్తిన పెట్టుకోవడం జపాన్ టీవీకి కొత్తేమీ కాదన్నమాట.

స్పైక్ మనిషి మాత్రం ల్యూపిన్ కంటే దగ్గర చుట్టం నుంచి వచ్చాడు. 1979లో మొదలైన 'తాంతెయ్ మోనొగతారి' అనే టీవీ డిటెక్టివ్ సీరియల్‌లో యూసాకు మత్సుదా వేసిన పాత్ర. ఉంగరాల జుట్టు, పొడుగాటి కాళ్లు, సన్నటి సూటు, వెస్పా స్కూటరు. ఎంత సీరియస్ కేసైనా ఏదో ఒక వెకిలి చేష్ట చేయకుండా ఉండలేడు. స్పైక్‌కు ఆ పాత్రే నమూనా. కొట్లాటలోకి దిగితే మాత్రం బ్రూస్ లీ.

ఇక డబ్బు సంగతి. సాయంత్రం పూట వచ్చే అనిమేకు చాలాకాలం ఖర్చు పెట్టింది బొమ్మల కంపెనీలు, మిఠాయి కంపెనీలు. ఇవాళ తెర మీద రోబో, రేపు షాపులో అదే రోబో. 'బీబాప్' తీసిన సన్‌రైజ్ స్టూడియో ఈ లెక్క మీదే బతికింది, ఈ లెక్కతోనే దెబ్బతింది. 1979లో వాళ్లు తీసిన 'మొబైల్ సూట్ గండమ్' 52 ఎపిసోడ్లని అనుకున్నారు. యుద్ధం గురించి పెద్దవాళ్ల తరహాలో మాట్లాడే ఆ కథ చిన్న పిల్లలకు ఎక్కలేదు. స్పాన్సర్ క్లోవర్ కంపెనీ బొమ్మలు కదల్లేదు. 43 దగ్గర ఆపేశారు. మరుసటి ఏడాది బండాయ్ అనే మరో బొమ్మల కంపెనీ దాని ప్లాస్టిక్ మోడల్ కిట్లు తెచ్చింది, పునఃప్రసారాలు వచ్చాయి, షాపుల ముందు క్యూలు కట్టారు. క్లోవర్ 1983లో దివాలా తీసింది. బండాయ్ 1994లో ఏకంగా సన్‌రైజ్‌నే కొనేసింది.

అలా బొమ్మల కంపెనీ నీడలో ఉన్న స్టూడియోలోనే షినిచిరో వతనబె మొదటిసారి సొంతంగా ఒక సిరీస్‌కు, అంటే ఈ 'బీబాప్'కు, దర్శకుడయ్యాడు. 1965లో క్యోటోలో పుట్టినవాడు. అంతకుముందు 'మాక్రాస్ ప్లస్' అనే వీడియో సిరీస్‌కు సహ దర్శకుడు. దానికి కథ రాసిన కేకో నొబుమొతో, సంగీతం ఇచ్చిన యోకో కన్నో ఇక్కడికీ వచ్చారు. పాత్రల రూపం తొషిహిరో కవమొతో, నౌకల రూపం కిమితోషి యమనె, నిర్మాత మసాహికో మినామి. టైటిల్స్‌లో మూలకథ హజిమె యతాతె అని పడుతుంది, అలాంటి మనిషి లేడు. సన్‌రైజ్ వాళ్లంతా కలిసి వాడుకునే ఉమ్మడి పేరది.

బండాయ్ బొమ్మల విభాగం పెట్టిన షరతు ఒక్కటేనని వతనబె ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అంతరిక్ష నౌక ఉండాలి, బొమ్మలు అమ్ముకోవాలి, మిగతాది నీ ఇష్టం. అతను ఆ మిగతాదాన్ని పూర్తిగా వాడుకున్నాడు. నౌకలు ఉన్నాయి. కాకపోతే తుప్పు పట్టి, అతుకులేసి, నడిపేవాడి నోట్లో సిగరెట్టుతో ఉన్నాయి. కొంత చూశాక బొమ్మల విభాగం చేతులెత్తేసి తప్పుకుంది. ఇది ఎనిమిదేళ్ల పిల్లాడు షాపులో పట్టుబట్టి కొనిపించుకునే నౌక కాదని వాళ్లకు అర్థమై ఉంటుంది, ఆ లెక్కలో వాళ్లను తప్పుపట్టలేం. ప్రాజెక్టు గాలిలో పడింది. చివరికి అదే బండాయ్ గ్రూపులో వీడియోలు అమ్మే కంపెనీ బండాయ్ విజువల్ ఆదుకుంది. బొమ్మ అమ్మాల్సిన అవసరం లేదు, డిస్కులూ టేపులూ కొనే పెద్దవాళ్లు చాలు. అసలు మలుపు ఇక్కడే తిరిగిందని నేననుకుంటాను.

అమ్మేవాడు మారాడు కానీ వేయాల్సిన వేళ మారలేదు. టీవీ టోక్యోలో దొరికింది సాయంత్రం ఆరు గంటల స్లాటే. అదీ ఎలాంటి రోజుల్లో! అదే చానెల్‌లో 1995–96లో వచ్చిన 'ఇవాంజెలియన్' మీద పిల్లల వేళలో ఇవేం దృశ్యాలని విమర్శలు వచ్చాయి. 1997లో కోబె నగరంలో పిల్లల హత్యల కేసులో పద్నాలుగేళ్ల కుర్రాడు పట్టుబడ్డాడు, దేశం నివ్వెరపోయింది. అదే ఏడాది డిసెంబరు 16న టీవీ టోక్యోలోనే 'పోకెమాన్' ఎపిసోడ్ ఒకదానిలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మిణుకుమిణుకుమనగానే పిల్లలకు ఫిట్స్ వచ్చాయి, దాదాపు 685 మందిని ఆస్పత్రులకు తీసుకెళ్లారు. నాలుగు నెలలు ఆ షో ఆగిపోయింది. 1998 జనవరి 28న తోచిగి ప్రాంతంలోని కురొయిసోలో పదమూడేళ్ల విద్యార్థి బటర్‌ఫ్లై కత్తితో టీచర్‌ను పొడిచి చంపాడు. ఆ కత్తి పిల్లల చేతికి టీవీ వల్లే వచ్చిందన్న చర్చ దేశమంతా నడిచింది.

ఇది జరిగిన రెండు నెలలకు, కత్తులూ తుపాకులూ మత్తుమందులూ ఉన్న ఒక సిరీస్ సాయంత్రం ఆరింటికి రావాలి. చానెల్ వాళ్ల టెన్షన్ ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. మొదటి ఎపిసోడ్‌లో కళ్లలోకి కొట్టుకునే మత్తుమందు ఉంది. ఐదో ఎపిసోడ్‌లో చర్చిలో నెత్తుటి పోరాటం ఉంది. రెండూ పోయాయి, వాటితో పాటు మరో పన్నెండూ పోయాయి. మిగిలినవి 2, 3, 7 నుంచి 15 వరకు, ఆ తర్వాత 18.

ఈ అంకెల్ని ఒకసారి సిరీస్ తెలిసిన వాళ్లు పరికించి చూడండి. కుక్క దొరికే కథ ఉంది, ఫే వచ్చే కథ ఉంది, ఎడ్ చేరే కథ ఉంది. ఫ్రిజ్‌లో మరిచిపోయిన రొయ్య కుళ్లి, పురుగై, ఓడంతటినీ కాటేసే పదకొండో కథ కూడా ఉంది. అంటే ఇల్లు కట్టుకునే కథలు ఆరింటికి వచ్చాయి. ఆ ఇంటిని కూల్చే పాత పగ ఐదో కథలో మొదలై 25, 26లలో తీరుతుంది. ఆ మూడూ రాలేదు. విచిత్రమేమిటంటే, ఆ పగలో భాగమైన 12, 13 మాత్రం వచ్చాయి. ఐదోది చూడనివాడికి ఆ తెల్ల జుట్టు విలన్ ఎవరో, స్పైక్ ఎందుకు ఒక్కసారిగా ఓడ వదిలి పోతాడో తెలిసే దారి లేదు. కామెడీ మిగిలింది, నాయర్‌కు కాళ్లు విరిగాయి. రెండూ వేరువేరుగా బతకవని చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఎవరూ చేయలేరు, కావాలని చేయకపోయినా.

దారి చూపింది డబ్బు కట్టి చూసే శాటిలైట్ చానెల్ వావ్‌వావ్. అక్కడ ప్రకటనల వాళ్లకు భయపడాల్సిన పని తక్కువ, చూసేవాడు చందాదారు. 1998 అక్టోబరు 24 నుంచి, అర్ధరాత్రి దాటాక ఒంటి గంట వేళ, 26 ఎపిసోడ్లూ ఒకటో నంబరు నుంచి వరసగా వచ్చాయి. 1999 ఏప్రిల్‌లో ముగిశాయి. జూన్‌లో తెర మీద రాసిన మాట నాలుగు నెలలకు చెల్లింది.

ఒక్కో ఎపిసోడ్‌ను ఇక్కడ 'సెషన్' అంటారు. సంగీతం ఊసు లేకుండా ఆ పేరు అర్థం కాదు. బీబాప్ 1940లలో న్యూయార్క్‌లో పుట్టిన జాజ్ పద్ధతి. హార్లెంలో మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో రాత్రి పొద్దుపోయాక వాయిద్యగాళ్లు ఒకరి మీద ఒకరు పోటీపడి, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించేవాళ్లు. 'ట్యాంక్' అనే టైటిల్ పాట వెనక వేగంగా జారిపోయే అక్షరాల్లో ఆ క్లబ్బు ముచ్చటే ఉంటుంది. కన్నో కూడా అలాగే పనిచేసింది. అడగని బాణీలు కట్టి ఇచ్చేది, అవి విని వతనబె కొత్త దృశ్యాలు పుట్టించేవాడు. ఆ బ్యాండుకు 'సీట్‌బెల్ట్స్' అని పేరు. నవ్వు నుంచి విషాదంలోకి కథ గబుక్కున మలుపు తిరిగినా మనం కింద పడకపోవడానికి, నన్నడిగితే, రచన కంటే ఈ సంగీతానికే ఎక్కువ మార్కులు.

తర్వాతి కథ అమెరికాలో. 2001 సెప్టెంబరు 1న 'బీబాప్' సినిమా జపాన్ థియేటర్లలోకి వచ్చింది. దాన్ని తీసింది మినామి, కవమొతోలు సన్‌రైజ్ నుంచి బయటికొచ్చి పెట్టుకున్న బోన్స్ స్టూడియో. మర్నాడే కార్టూన్ నెట్‌వర్క్ పెద్దవాళ్ల కోసం 'అడల్ట్ స్విమ్' అనే రాత్రి కార్యక్రమాల వరస మొదలుపెట్టింది. అందులో వచ్చిన మొట్టమొదటి అనిమే ఇదే. కానీ తొమ్మిది రోజులకే న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. భవనాలు పేల్చే 22వ సెషన్‌ను, విమానం హైజాక్‌తో మొదలయ్యే 8వదాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టారు. ఎనిమిదోది టోక్యోలో సాయంత్రం ఆరింటికి నిక్షేపంగా వెళ్లిపోయినదే. అయినా ఇక్కడ తీసేసింది శాశ్వతంగా కాదు, అర్ధరాత్రి ప్రసారం కాబట్టి తర్వాత తిరిగొచ్చాయి. అమెరికాలో అనిమే పిల్లలకేనన్న అభిప్రాయం సడలడంలో ఈ సిరీస్‌కు పెద్ద వాటా ఉంది.

నెట్‌ఫ్లిక్స్ 2021 నవంబరు 19న నటులతో తీసిన రూపాన్ని విడుదల చేసింది. జాన్ చో స్పైక్. పది ఎపిసోడ్లు. మూడు వారాలు తిరగకుండానే డిసెంబరు 9న రద్దు. మొదట్లోని క్యాసినో దృశ్యం దాటి చూడలేకపోయానని వతనబె తర్వాత చెప్పాడు. ఆ డిసెంబరు ఒకటినే నొబుమొతో కన్నుమూసింది. ఈ గొడవకు ఒక నెల ముందు నెట్‌ఫ్లిక్స్ అసలు అనిమేను కూడా పెట్టింది, 26 సెషన్లూ వరసలో. 1998లో టోక్యో పిల్లాడికి దక్కని వరస అది.

వతనబె కొత్త సిరీస్ 'లాజరస్' 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఈసారి బొమ్మల కంపెనీ ఊసే లేదు, తీయించింది అడల్ట్ స్విమ్. జపాన్‌లో అది ప్రసారమైంది టీవీ టోక్యోలోనే. వేళ మాత్రం ఆదివారం రాత్రి పన్నెండుకు పావుగంట ముందు.