‘కౌన్సెలింగ్’ అంటే పిల్లలకెందుకు భయం? విశాఖ కేసు వెనుక కథ

విశాఖలో ఇంటర్, నీట్ హాస్టళ్ల మాట వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: కౌన్సెలర్ ఉన్నారా? ఉన్నారనే యాజమాన్యాలు అంటాయి. ఎవరని ఆరా తీస్తే చాలాచోట్ల ఫ్లోర్ ఇన్‌ఛార్జి పేరో, ఫిజిక్స్ లెక్చరర్ పేరో బయటికొస్తుంది. గొడవంతా అక్కడే.

ర్యాంకుల పోటీ, కార్పొరేట్ కాలేజీల సంగతి అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పనక్కర్లేదు. నేరుగా 2025 జులై 25కి వద్దాం. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖ వచ్చి, 2023 జులైలో ఇక్కడ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు ఆ రోజు తీర్పు ఇచ్చింది. సీబీఐ విచారణ కావాలని ఆమె తండ్రి హైకోర్టుకు వెళితే కాదన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అక్కడితో ఆగకుండా, మానసిక ఆరోగ్యం కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంటూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా అవే అమల్లో ఉంటాయి. (పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల గురించిన 1997 నాటి ‘విశాఖ మార్గదర్శకాలు’ రాజస్థాన్ కేసువి, మన ఊరితో వాటికి సంబంధం లేదు. ఇవి మాత్రం నిజంగానే విశాఖ కేసులోంచి పుట్టాయి.)

అందులో యాజమాన్యాలను ఇరుకున పెట్టేది ఒక వాక్యం. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు, సోషల్ వర్కర్‌లలో కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, నలుగురిలో పరువు తీయొద్దని కూడా కోర్టు చెప్పింది. ఒక్క 2022లోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్నది జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క.

శిక్షణ ఉన్నవాళ్లు దొరకడం లేదు, జీతం పెంచితే ఫీజు పెంచాలి అన్నది యాజమాన్యాల వాదన. కొరత నిజమే కావచ్చు. కానీ మార్కులు రాబట్టాల్సిన మనిషే ఓదార్చే మనిషి కూడా అయితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? ‘నిద్ర పట్టట్లేదు సార్’ అంటే ఆ మాట సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్‌కీ, ఆదివారానికి నాన్నకీ చేరిపోతుంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే పెద్దలకు చెప్పక తప్పదు, నిజమే. వీక్లీ టెస్ట్ టెన్షన్‌కు కూడా అదే పద్ధతా?

అసలు మన దగ్గర ఆ మాటే పాడైపోయింది. సీట్ల కేటాయింపు కౌన్సెలింగ్. రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిచి హెచ్చరించడమూ కౌన్సెలింగే. కాలేజీలో ‘నీకు కౌన్సెలింగ్ ఉంది’ అంటే తిట్లు ఉన్నాయనే అర్థం. ఇక సైకాలజిస్టు అంటే ఈ ఊళ్లో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి గుర్తొస్తుంది. ‘మా పిల్లకేం పిచ్చా?’ అని ఎదురడిగే తల్లిదండ్రులూ ఉన్నారు, వాళ్లనీ వదిలేయలేం.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416ను హాస్టళ్లలో అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో పెట్టాలన్నది తీర్పులో మరో ఆదేశం. ఫోన్లు ఉంచుకోనివ్వని హాస్టల్లో పిల్లవాడు ఆ నంబరుకు చేయాలంటే ముందు వార్డెన్‌ను ఫోన్ అడగాలి. ఎవరికి చేస్తున్నావని ఆయన అడుగుతాడు.