కౌన్సెలర్‌కి మీ మనసు "తెలిసిపోవాలా"? ఎంపతీ గురించి అపోహలు, వాస్తవాలు

సహానుభూతి అనండి, ఎంపతీ అనండి, అంటే ఎదుటి మనిషి మనసుని వాళ్ల వైపు నుంచి అర్థం చేసుకోవడం. మా కౌన్సెలింగ్ వృత్తిలో దీని గురించి మాట్లాడినంతగా ఇంకే విషయం గురించీ మాట్లాడరు. దీని మీద అపోహలూ తక్కువేం కాదు. సెషన్లలో తరచూ వినే కొన్నింటి గురించి రాస్తున్నాను.

అపోహ: మంచి కౌన్సెలర్ ముఖం చూసే మనసులో ఏముందో చెప్పేస్తారు.

మేం సోది చెప్పేవాళ్లం కాదండీ. 2018లో ఎలియట్, బోహార్ట్, వాట్సన్, మర్ఫీ అనే పరిశోధకులు 82 శాంపిళ్ల (వేర్వేరు క్లయింట్ల గుంపుల), మొత్తం 6,138 మంది క్లయింట్ల డేటాని కలిపి చూశారు. కౌన్సెలర్ ఎంపతీకీ థెరపీ ఫలితానికీ సంబంధం ఉందనే తేలింది. కానీ క్లయింట్ మనసులోని మాటని కౌన్సెలర్ ఎంత కరెక్టుగా ఊహించారు అని కొలిస్తే ఆ సంబంధం బలహీనంగా కనిపించింది. "ఈయన నన్ను అర్థం చేసుకుంటున్నారు" అని క్లయింట్‌కి అనిపించిందా లేదా అని అడిగి కొలిస్తే మెరుగ్గా కనిపించింది.

అదే ఏడాది ఎయాల్, స్టెఫెల్, ఎప్లీ 25 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. అవి కౌన్సెలింగ్ గదిలో చేసినవి కావు, మామూలు మనుషుల మీద, భార్యాభర్తల మీద కూడా చేసినవి. ఎదుటివాళ్ల స్థానంలో మనల్ని ఊహించుకున్నంత మాత్రాన వాళ్ల మనసు మనకి ఇంకాస్త కరెక్టుగా ఏమీ తెలియదని వాటిలో తేలింది. తెలియాలంటే అడగాలి, అంతే. అందుకే మేం "అది కోపమా, అవమానంగా అనిపించిందా?" అని మాటిమాటికీ అడుగుతుంటాం. కొందరికి విసుగొస్తుంది, "చెప్పాను కదండీ" అంటారు. అయినా అడుగుతాం.

అపోహ: అదే కష్టం పడ్డవాళ్లకే అర్థమవుతుంది.

"విడాకులు తీసుకున్న మేడమ్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల ఉద్దేశం నాకు అర్థమవుతుంది, మొదట్లో మాట కలవడానికి అది పనికొస్తుంది కూడా. అయితే 1997లో బాట్సన్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. ఎదుటి మనిషికి ఎలా ఉందో ఊహించుకున్నవాళ్లకి ఆ మనిషి మీద కన్సర్న్ కలిగింది. "ఆ స్థానంలో నేనుంటే" అని ఊహించుకున్నవాళ్లకి దాంతోపాటు సొంత టెన్షన్ కూడా పెరిగింది. నా అభిప్రాయంలో, అదే గాయం ఉన్న కౌన్సెలర్ ఈ రెండో దారిలోకి జారిపోయే అవకాశం ఎక్కువ. అప్పుడు మీ కథ వింటూ వినకుండా తన కథలోకి వెళ్లిపోతారు.

అపోహ: నేను ఏడిస్తే కౌన్సెలర్ కళ్లలోనూ నీళ్లు రావాలి.

వస్తే తప్పు కాదు, రాకపోయినా లోటు కాదు. అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957లోనే చెప్పారు: క్లయింట్ లోకాన్ని తనదే అన్నట్టుగా చూడాలి, కానీ అది తనది కాదన్న స్పృహ పోకూడదు.

అపోహ: ఎంపతీ అంటే తప్పు చేసినవాణ్ని వెనకేసుకురావడం.

తాగుడు సమస్యతో వచ్చేవాళ్ల ఇంట్లోవాళ్లు ఈ మాట ఎక్కువగా అంటారు: "మీరిలా మెత్తగా మాట్లాడితే వీడు మారడు, నాలుగు గట్టిగా తిట్టండి!" వాళ్లు పడ్డ నరకం అలాంటిది, ఆ కోపాన్ని కాదనను. కానీ 1980లో మిల్లర్, టేలర్, వెస్ట్ చేసిన అధ్యయనం చూడండి. 9 మంది కౌన్సెలర్లు, తాగుడు తగ్గించుకోవడానికి అందరూ నేర్పింది ఒకే పద్ధతి. వాళ్లని ఎంపతీని బట్టి వరుసలో పెడితే, ఆరు నెలల తర్వాత వాళ్ల క్లయింట్ల ఫలితాలు దాదాపు ఆ వరుసలోనే ఉన్నాయి. సహసంబంధం (రెండు విషయాలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కలిసినట్టు) 0.82, మా రంగంలో అంత పెద్ద అంకె కనిపించడం చాలా అరుదు. 9 మందే కాబట్టి అంకెని పట్టుకుని వేలాడక్కర్లేదు గానీ, ఎంపతీ బాగా తక్కువ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం కంటే ఇంట్లో కూర్చుని సెల్ఫ్ హెల్ప్ పుస్తకం చదువుకున్నవాళ్లే నయమనిపించారు. "తాగిన రాత్రి మీకు ఏమనిపించింది" అని అడిగినంత మాత్రాన "తాగండి, ఫర్వాలేదు" అన్నట్టు కాదు. మెత్తగా మాట్లాడుతూనే "గత వారం మీరు నాతో చెప్పింది ఒకటి, చేసింది ఇంకొకటి" అని మొహం మీదే చెప్పొచ్చు, చెబుతాం కూడా.

అపోహ: ఎంపతీ ఉంటే చాలు, మిగతావన్నీ టెక్నిక్కులే.

అంత లేదు. పైన చెప్పిన 82 శాంపిళ్లలో సగటు సహసంబంధం 0.28. అంటే క్లయింట్ల ఫలితాల్లో కనిపించే తేడాల్లో ఎంపతీతో ముడిపడింది సుమారు 8 శాతం. చిన్నదేం కాదు, సర్వస్వమూ కాదు. ఒకదానివల్లే రెండోది జరిగిందని సహసంబంధం నిరూపించదు కూడా. బాగుపడుతున్న క్లయింట్‌కి కౌన్సెలర్ ఇంకాస్త మంచిగా కనిపించి ఉండొచ్చు.

అపోహ: సలహా ఇవ్వలేదంటే పట్టించుకోనట్టే.

ఇది మన దగ్గర గట్టిగా ఉంది, దీనికి కారణమూ ఉంది. మన సైకియాట్రిస్ట్ జె.ఎస్. నేకీ 1973లోనే గురుశిష్య సంబంధాన్ని థెరపీకి ఒక నమూనాగా ప్రతిపాదించారు. మన క్లయింట్లు పెద్దదిక్కుని వెతుక్కుంటూ వస్తారు, "మీరే చెప్పండి మేడమ్, ఏం చేయమంటారు" అంటారు. అలాంటప్పుడు పాశ్చాత్య పుస్తకంలో ఉన్నట్టు "మీకేమనిపిస్తోంది?" అని తిప్పి అడిగి ఊరుకుంటే వాళ్లకి అది నిర్లక్ష్యంగానే అనిపిస్తుంది. అవసరమైతే దారి చెప్పడమూ ఎంపతీయే అని నేననుకుంటాను. కాకపోతే పది నిమిషాలు కూడా వినకుండా ఇచ్చే సలహా చుట్టాలు ఇచ్చే సలహా లాంటిదే, దానికి ఫీజు దండగ.

ఇంకొక్క మాట. పెద్దవాళ్లకి ఎదురు చెబితే బాగుండదని సెషన్ అంతా తలూపి, ఆ తర్వాత రావడం మానేసేవాళ్లు మన దగ్గర చాలామంది. కౌన్సెలర్ మీ మాటని వేరేలా అర్థం చేసుకుంటే "అది కాదండీ" అని అక్కడే చెప్పేయండి. చెప్పాక తన మాట సరిచేసుకుంటున్నారా, తిరిగి మీకే క్లాసు పీకుతున్నారా చూడండి. రెండోదైతే కౌన్సెలర్‌ని మార్చుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.