అమ్మ గొంతు, కార్టిసాల్

మిర్యాలగూడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్న కొడుకుకు రోజూ వాట్సాప్‌లో పది మెసేజ్‌లు పెడుతున్నా, వాడు ఎప్పుడూ టెన్షన్‌గానే ఉందంటాడు, ఎందుకని? పరాయి భాష, ఫీజుకు తెచ్చిన అప్పు, వీసా చిక్కులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది ఆమె ప్రశ్నలోని 'మెసేజ్' అన్న మాట.

ఆపద తోచగానే మెదడులోని హైపోథాలమస్ నుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోన్, దాని ప్రేరణతో పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్, దానివల్ల మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ విడుదలవుతాయి. కార్టిసాల్ లాలాజలంలోనూ ఉంటుంది గనుక సూది గుచ్చకుండానే కొలవవచ్చు.

అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్జర్ బృందం 7 నుంచి 12 ఏళ్ల బాలికలు 61 మంది చేత కొత్తవాళ్ల ఎదుట ప్రసంగాలు, లెక్కలు చేయించి, ఫలితాలను 2010లో ప్రచురించింది. (బోర్డు ముందు నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించే మన బడుల్లోనూ జరిగేది ఇదే ప్రయోగం, కాకపోతే అక్కడ ఎవరూ కార్టిసాల్ కొలవరు.) ఆ తరువాత కొందరిని తల్లులు దగ్గరకు తీసుకున్నారు, కొందరితో ఫోన్‌లో మాట్లాడారు, మిగిలినవారికి సినిమా చూపించారు. తల్లి చేయి తగిలిన పిల్లల్లో లాగే, గొంతు మాత్రమే విన్న పిల్లల్లోనూ ఆప్యాయతతో ముడిపడిన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరిగి కార్టిసాల్ తగ్గింది. 2012లో అదే బృందం తల్లులతో చాటింగ్ చేయించినప్పుడు మాత్రం, ఆ పిల్లల కార్టిసాల్ తల్లి పలకరింపే లేనివారిలో ఉన్నంత ఎక్కువగానే ఉండిపోయింది.

"తిన్నవా బిడ్డా" అని టైపు చేస్తే పోయేది రెండో మాటలోని సాగదీత, అడిగాక జవాబు కోసం ఆగే ఆ క్షణం, వెనక వినిపించే కుక్కర్ విజిల్. అర్థం మొత్తం చేరుతుంది, ఊరట చేరదు. వీడియో కాల్‌లో ఫోన్ తెర చుట్టూ ఉప్పు తిప్పి దిష్టి తీసే తల్లులను చూసి నేనూ నవ్వినవాణ్ణే. దిష్టి మాట ఎలా ఉన్నా, ఆ సమయమంతా కొడుకు చెవిన పడుతున్నది ఆమె గొంతే.

చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగాన్ని పాతికేళ్ల యువకుడికి యథాతథంగా అంటగట్టడం తగదు. అయినా ఆ తల్లికి నేను చెప్పేది ఒకటే: చలికాలంలో మనకు ఉదయం ఏడైతే డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర, వాడు గదికి చేరే వేళ, ఆ పది మెసేజ్‌లు మానేసి, అప్పుడు ఒక్కసారి ఫోన్ చేయండి.