మనసు బాగోలేనప్పుడు పెట్టుకునే లక్ష్యాలు: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో మా కౌన్సెలింగ్ గదికి వచ్చే కుటుంబాలు పదేపదే కోరేది ఒకటుంది: "మేడం, వీనికి ఏదైనా ఒక గోల్ పెట్టండి, కసి పుట్టల్ల." ఆ మాట ప్రేమతోనే అంటారనడంలో నాకు సందేహం లేదు. అయితే అప్పటికే ఆ ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి లేవాలనీ, రోజుకు పది గంటలు చదవాలనీ, ఫోను ముట్టకూడదనీ రాసిన కాగితం ఒకటి గోడకు అంటించి ఉంటుంది. రెండు మూడు రోజులకే అది తప్పిపోయి ఉంటుంది. తాను దేనికీ పనికిరానన్న నమ్మకం ఆ పిల్లవాడిలో మునుపటికంటే గట్టిపడి ఉంటుంది.

అపోహ: లక్ష్యం పెద్దదైతేనే మనిషి లేచి నిలబడతాడు, చిన్నది పెడితే సోమరితనం అలవాటవుతుంది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్నవారికి పెద్ద లక్ష్యం ఉత్సాహాన్నిచ్చే మాట నిజమే. కానీ డిప్రెషన్ దెబ్బతీసేది సరిగ్గా పని మొదలుపెట్టే శక్తినీ, చేసిన పనిలో దొరికే తృప్తినీ. కాలు విరిగి కట్టు విప్పించుకున్న మనిషిని మరునాడే తిరుమల మెట్లెక్కమని ఎవరూ అనరు. మనసు విషయంలో మాత్రం అందరూ అదే అంటారు. పనులు మానేసిన కొద్దీ సంతోషం కలిగించే సందర్భాలు తగ్గుతాయనీ, అవి తగ్గిన కొద్దీ మనిషి మరింత ముడుచుకుపోతాడనీ పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970లలోనే వివరించారు. ఈ వలయాన్ని చిన్న చిన్న పనులతో తెంచే చికిత్సనే బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. 1996లో నీల్ జేకబ్సన్ బృందం వెలువరించిన అధ్యయనంలో ఈ ఒక్క పద్ధతితో చికిత్స పొందినవారు, ఆలోచనలను సరిదిద్దే పూర్తి చికిత్స పొందినవారితో సమానంగా కోలుకున్నారు. మన దేశంలో గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, వైద్యులు కాని స్థానిక కౌన్సెలర్లు ఈ పద్ధతి ఆధారంగానే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారికి మేలు చేయగలిగారని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చిన్న లక్ష్యం అంటే ఓదార్పు కోసం చెప్పే మాట అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. అది చికిత్సే.

ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఒకావిడ సంగతి చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. కాన్పు తర్వాత మొదలైన కుంగుబాటుతో ఆమె మిషను మీద గుడ్డ కప్పేసింది. జాకెట్టు గుడ్డలు సంచుల్లో పేరుకుపోయాయి, ఇచ్చినవాళ్ల ఫోన్లు ఎత్తడం మానేసింది. దసరా లోపల అన్నీ కుట్టి ఇచ్చేస్తే మనసు తేలికపడుతుందని అత్త, భర్త గట్టిగా నమ్మారు. మేము పెట్టుకున్న మొదటి లక్ష్యం అందులో ఒక్క జాకెట్టు కూడా కాదు: మధ్యాహ్నం బిడ్డ పడుకున్నాక మిషను మీది గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, నూనె వేసి, మళ్లీ కప్పేయడం. కుట్టకూడదని కూడా చెప్పాను. ఆ తర్వాత బాబిన్‌కు దారం చుట్టడం, ఆ తర్వాత ఎప్పుడో కుట్టి పెట్టిన జాకెట్టు ఒకదానికి హుక్కులు, కాజాలు మాత్రం కుట్టడం. ఆ కాజాలు కుట్టిన రోజు తాను టీ పెట్టుకుని, చల్లారకముందే తాగానని ఆమె చెప్పినప్పుడు, మందుల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆ ముక్క కూడా చేర్చాను. దసరా ఆర్డర్లలో చాలావరకు కుట్టకుండానే వెనక్కి ఇచ్చేశారు. దానివల్ల ఆమెకు ఏ నష్టమూ జరగలేదు.

పెద్ద లక్ష్యాల వల్ల జరిగే అసలు నష్టం మరొకటుంది. చెప్పింది చేయలేకపోయామన్న సిగ్గుతో చాలామంది తర్వాతి సిట్టింగుకు రావడమే మానేస్తారు. "పోయినసారి చెప్పింది చెయ్యలేదు కదా మేడం, యా మొగం పెట్టుకోని రావల్ల" అని ఎన్నో నెలల తర్వాత అంటారు. రావడం ఆగిపోతే చాలాసార్లు మందులూ ఆగిపోతాయి, అవి ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం వంటివి తోడవుతాయి. చేయలేదని చెప్పడానికే రండి. లక్ష్యం తప్పిపోతే అది పెద్దదైపోయిందన్న సమాచారం మాకు అందినట్టు. దాన్ని సగానికి తగ్గించడం మా పని.

ఎంత చిన్నది పెట్టుకోవాలి అంటారా? బాగా గడిచిన రోజును కాక, ఈ వారంలో అన్నిటికంటే బరువుగా గడిచిన రోజును తలచుకోండి. ఆ రోజు కూడా చేయగలిగి ఉండేదేదో అదే సరైన కొలత. అది మన చేతిలో ఉన్న పని కావాలి. "బాగా నిద్రపోవాలి" అన్నది మన చేతిలో లేదు, రాత్రి పదింటికి ఫోను పక్కగదిలో పెట్టి పడుకోవడం ఉంది. "వాకింగ్ చేయాలి" అన్నదానికి బదులు సాయంత్రం ఎండ తగ్గాక చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వెళ్లి రావడం అని రాసుకుంటే, చేశామో లేదో తేల్చుకోవడానికి తగువు ఉండదు.

మిగిలిన అపోహలు వరుసగా చెప్పేస్తాను. ముందు మనసు కుదుటపడాలి, తర్వాతే పని అంటారు. డిప్రెషన్‌లో ఆసక్తి తరచుగా పని వెనకే వస్తుంది, దాని కోసం ఎదురుచూస్తే నెలలు గడిచిపోతాయి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న ప్రచారాన్ని దయచేసి వాట్సాప్‌లో పంపకండి. లండన్ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని వారి అంచనా. మధ్యలో ఒక రోజు తప్పితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు కూడా. లక్ష్యాలు పెట్టుకుంటే మందులు అక్కర్లేదన్నది ప్రమాదకరమైన మాట, మందులు తగ్గించాలో మానాలో డాక్టరే చెప్పాలి. ఇంట్లోవాళ్లు గంటకోసారి "చేసినావా?" అని అడగడం సాయం కాదు, వెంట రెండడుగులు నడవడం సాయం.

ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. నిద్ర బాగా తగ్గిపోయినా అలుపు లేకుండా, ఉన్నట్టుండి ఒకేసారి భారీ పథకాలు వేస్తూ డబ్బు విపరీతంగా ఖర్చు పెడుతున్న మనిషికి కావలసింది లక్ష్యాలు కావు, మానసిక వైద్యుని పరీక్ష. అన్నం, నీళ్లు మానేసినా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని చెప్పినా అంతే. అలాంటి రోజున కాగితం మీద ఏమీ రాయకండి, మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుల మందు డబ్బాలు ఇంట్లో లేకుండా చేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, రోగి మాట్లాడలేకపోతే ఇంట్లోవాళ్లే చేయవచ్చు.