నొప్పి వచ్చేదాకా ఆగే వైద్యం: నగరవాసుల పళ్లు, చిగుళ్ల కథ

పళ్లను పురుగు తొలుస్తుందని జనం వేల ఏళ్లు నమ్మారు. మెసొపొటేమియా మట్టి పలకల మీద ఆ పురుగును వెళ్లగొట్టే మంత్రం కూడా ఉంది. 1728లో ఫ్రెంచ్ వైద్యుడు పియర్ ఫోషార్ పుచ్చు పళ్లలో తనకు పురుగేమీ కనబడలేదనీ, తీపి పళ్లకు చేటు చేస్తుందనీ రాశాడు. కానీ తర్వాతి శతాబ్దంలోనే చక్కెర చవకైంది. 1874లో బ్రిటన్ దాని మీద సుంకం పూర్తిగా ఎత్తేసింది. ఫ్యాక్టరీ పట్టణాల్లో తీపి టీ, జామ్ పేదవాడి రోజువారీ తిండిలో భాగమయ్యాయి.

పన్ను ఎలా పుచ్చుతుందో 1890లో బెర్లిన్‌లో పనిచేస్తున్న దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ వివరించాడు. నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యమని 1940ల్లో స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో మొదలైన ఒక పరీక్షలో తేలింది. ఆ పరీక్ష కోసం మానసిక వైకల్యం ఉన్న రోగులకు, వాళ్ల అనుమతి లేకుండానే, పళ్లకు అంటుకునే టాఫీలు తినిపించారు. అది క్షమించరాని పని. అయినా ఆ ఫలితం నేటి ఆఫీసు జీవితానికి సూటిగా వర్తిస్తుంది. గంటకోసారి తీపి కాఫీ చప్పరిస్తుంటే, ఆమ్లం ధాటి నుంచి ఎనామిల్ కోలుకునే వ్యవధే ఉండదు.

చిగుళ్ల సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. 1965లో హారల్డ్ లో (Löe) అనే దంతవైద్యుడి బృందం డెన్మార్క్‌లో 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే, దాదాపు వారంలో నయమయ్యాయి. అంటే ఆ దశలో జబ్బును పూర్తిగా వెనక్కి మళ్లించవచ్చు. అక్కడ వదిలేస్తే పాచి గట్టిపడి గార అవుతుంది, కొందరిలో పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. ఆ ఎముక దానంతటది తిరిగి రాదు. పైగా ఇదంతా చాలావరకు నొప్పి లేకుండానే జరిగిపోతుంది. పొగతాగేవాళ్లలో రక్తం కారడం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ హెచ్చరికా అందదు. షుగర్ అదుపులో లేనివాళ్లలో జబ్బు మరింత ముదురుతుంది, ముదిరిన చిగుళ్ల జబ్బు షుగర్‌ను అదుపు చేయడాన్నీ కష్టం చేస్తుంది.

ఇంత తెలిసినా పెద్దవాళ్లకు అందిన నివారణ తక్కువే. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం కుళాయి నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. పిల్లల్లో పిప్పిపళ్లు బాగా తగ్గాయి. అయితే చిగుళ్ల జబ్బును ఫ్లోరైడ్ ఆపలేదు. 1840లో బాల్టిమోర్‌లో తొలి దంతవైద్య కళాశాల పెట్టినప్పటి నుంచి ఈ వైద్యం సాధారణ వైద్యానికి దూరంగానే పెరిగింది. బ్రిటన్ 1948లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చింది, మూడేళ్లకే కట్టుడు పళ్లకు రుసుము పెట్టింది. నేటికీ చాలా దేశాల్లో పెద్దవాళ్ల పంటి ఖర్చు వాళ్ల జేబులోంచే వెళ్తుంది. అందుకే నొప్పి భరించలేనంత అయ్యాక గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లరు. దీన్ని వాళ్ల నిర్లక్ష్యం అనడం అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సభ 2021లో నోటి ఆరోగ్యంపై తీర్మానం చేసింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక నోటి జబ్బులున్నవాళ్లు దాదాపు 350 కోట్ల మంది అని లెక్కగట్టింది.